ఎర్రగుడ్డ కట్టిన సంచులు

‘పొగగొట్టం’ – పదకొండో భాగం

పోయిన వారం పొయ్యి పేలిన దగ్గర ఆగాం. తొర్రూరు రోడ్డులో ఉన్న ఆర్మీ క్యాంపులో, చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటులో ఉన్న పొయ్యి అది. చెత్తను ఇనుప పొయ్యిలో గాలి తగ్గించి కాలుస్తారు, వచ్చిన గ్యాసుతో జనరేటరు తిప్పుతారు, ఆ కరెంటుతో జవాన్ల బ్యారకుల్లో ఫ్యాన్లు తిరుగుతాయి. తిరుగుతాయని గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంది. ఆ పొయ్యి నోట్లో సంచులు వేసే శేఖర్ ఇప్పుడు మెడ నుంచి నడుము దాకా కాలి, మాట లేకుండా హనుమకొండ దవాఖానలో పడి ఉన్నాడు. షిఫ్టు ఇంజనీరు తబస్సుమ్ రేపు పొద్దున విచారణ ముందు నిలబడి ఏం జరిగిందో చెప్పాలి. ప్లాంటు నడిపే కంపెనీ మాత్రం విచారణ దాకా ఆగలేదు, ఏం జరిగిందో ముందే తేల్చేసింది. శేఖర్ పొయ్యి పక్కన బీడీ ముట్టించాడట.

ఇవాళ పొద్దున వార్డు బయట మెట్ల మీద శేఖర్ తల్లి కట్టమ్మ కూచుని ఉంది. ఆమెదీ ఆ ప్లాంటులోనే పని. బెల్టు మీద వచ్చే చెత్తలోంచి సీసాలు ఒక గంపలోకి, ఇనుము ఇంకో గంపలోకి ఏరుతుంది. మిగిలింది కొడుకు పొయ్యిలో వేస్తాడు. తబస్సుమ్‌ను చూసి లేవబోయి, లేవలేక గోడ పట్టుకుంది.

“బిడ్డా, నా కొడుకు బీడీ ముట్టడు. వాళ్ల నాయిన గా బీడీలకే పోయిండు. చిన్నప్పటిసంది వానికి ఆ వాసనే పడది. నీకెర్కనే గద.”

“ఎర్కనే కట్టమ్మక్కా.”

“గా మాటే రేపు చెప్పు. నేను చెప్తే, తల్లి గద గట్లనే అంటది అంటాండ్రు. నువ్వు సదువుకున్నదానివి, నీ మాట ఇంటరు. తప్పు వానిదే అని తేలిస్తే కంపెనోళ్లు దవాఖానకు కట్టరట. ఇగ వాడు బతుకుడెట్ల?”

తబస్సుమ్ “చెప్త” అంది. అంటూ కట్టమ్మ మొహం వైపు కాకుండా ఆమె చెప్పుల వైపు చూసింది. ఎందుకంటే ఆ సమయానికి తబస్సుమ్ భుజానికున్న బ్యాగులో ఒక రబ్బరు ముక్క, ఒక పుల్ల ఉన్నాయి. నిన్న సాయంత్రం నుంచీ ఉన్నాయి. వాటి సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

రబ్బరు సంగతి తెలియాలంటే ముందు ఎర్రగుడ్డ సంగతి తెలియాలి. ఫౌజులో చెత్తకు కూడా హోదాలున్నాయి. వంటశాల చెత్త, బ్యారకు చెత్త, ఆకులూ అలములూ ఎవరైనా ముట్టుకోవచ్చు. ఆఫీసుల్లో చింపిన కాగితాలు, పాత మ్యాపులు, స్టోరు లేబుళ్లు ఉన్న సంచి మూతికి మాత్రం ఎర్రగుడ్డ కడతారు. ఎర్రగుడ్డ సంచిని విప్పడం నేరం. గేటు దగ్గర సెంట్రీ విప్పడు, బెల్టు దగ్గర కట్టమ్మ విప్పదు, శేఖర్ ఎత్తి అట్లాగే పొయ్యిలో వేస్తాడు. రోడ్డుకు అవతలున్న ఫైరింగ్ రేంజి నుంచి కూడా ఆ సంచులు అదే గేటులోంచి లోపలికి వచ్చేవి. దేశ రహస్యాల్ని చూడకుండా కాల్చాలని వాళ్లకు ఎంత గట్టిగా నేర్పారంటే, లోపలున్నది దేశ రహస్యమేనా అని అడగాలని ఒక్కడికీ తోచలేదు.

నిన్న సాయంత్రం తబస్సుమ్‌ను ఒక్కసారి లోపలికి రానిచ్చారు, తన సామాను తీసుకుని పాసు అప్పజెప్పి వెళ్లడానికి. అప్పుడు కనిపించింది బెల్టు కింద, మసి పట్టి, కాలకుండా మిగిలిన ఎర్రగుడ్డ సంచి. విప్పకూడదు. విప్పింది. లోపల కాగితాలు లేవు, మ్యాపులు లేవు. సెలైన్ సీసాలు, వాడిన సూదులు, నెత్తురు అట్టగట్టిన దూది. వాటి మధ్య నొప్పులకు కొట్టుకునే స్ప్రే డబ్బాలు, బొద్దింకల మందు డబ్బాలు, సగం సగం వాడి పారేసినవి. అట్లాంటి డబ్బా నిప్పులో పడితే ఏమవుతుందో డబ్బా మీదే రాసి ఉంటుంది.

ఎర్రగుడ్డ కింద ఇంకో కట్టు ఉంది. పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు, సంచి మూతికి రెండు చుట్లు, చుట్టులో పుల్ల దూర్చి మెలితిప్పిన బిగింపు. వరంగల్ మొత్తంలో సంచిని అట్లా కట్టే గోదాము తబస్సుమ్‌కు ఒక్కటే తెలుసు. ఆమె అందులోనే పెరిగింది. ఆ కట్టు ఆమెకు నేర్పింది కన్న తండ్రి.

ఆమె ఏం చేసిందంటే, రబ్బరూ పుల్లా తీసి బ్యాగులో వేసుకుని, సంచికి మళ్లీ ఎర్రగుడ్డ కట్టి, ఎక్కడిది అక్కడే పెట్టి బయటికి వచ్చింది. ఎందుకట్లా చేశావని అడిగితే ఆమె చెప్పలేదు. నేను చెప్పగలను గాని చెప్పను. ఆ పిల్ల మీద నాకు జాలి ఉంది, అంతకంటే ఎక్కువ కోపం ఉంది.

మండిబజార్ వెనక సందులో నయీముద్దీన్ పాతసామాను గోదాము. మధ్యాహ్నం నమాజు చదివి వచ్చి, చిన్న పీట మీద కూచుని డబ్బాలకు మేకు కొడుతున్నాడు. ఇనుము కింద అమ్మే ముందు ప్రతి స్ప్రే డబ్బాకూ చిల్లు పెట్టి లోపలి గాలి తీసేయడం పాతసామాను వాళ్ల పద్ధతి. మేకు దిగినప్పుడల్లా డబ్బా బుస్సుమంటుంది. అతను మొహం పక్కకు తిప్పుకుని ఇంకోటి అందుకుంటాడు. ఆ చేతుల మీదుగానే ఆ సంచి వెళ్లిందంటే నమ్మడం కష్టం.

“వచ్చినవా బేటా. తిన్నవా? మీ అమ్మీ డబ్బల బగారన్నం పంపింది, నేనింక ముట్టలే.”

తబస్సుమ్ బ్యాగులోంచి రబ్బరూ పుల్లా తీసి తండ్రి ముందు నేల మీద పెట్టింది.

నయీముద్దీన్ చూశాడు. సుత్తె పక్కన పెట్టాడు. అది మనది కాదు అని ఒక్క మాట అని ఉంటే కూతురు నమ్మడానికి సిద్ధంగానే వచ్చింది. అతను ఆ మాట అనలేదు.

“యాడ దొరికింది?”

“పొయ్యి పక్కన. ఎర్రగుడ్డ కింద.” ఆమె నిలబడే ఉంది. “అబ్బా, గా సంచుల్ల ఏమున్నయో నీకెర్కనా?”

“దవాఖానల సామాను. చిన్న చిన్న క్లినిక్కులు, ల్యాబులు. పద్ధతి ప్రకారం పారెయ్యాల్నంటే వాళ్లకు ఖర్సు ఎక్కువ. నాకిస్తే తక్కువల పోతది.”

“సూదులు, నెత్తురు దూది. రోడ్డు మీద కుప్పల గూడ ఎయ్యొద్దు అవి. నువ్వు తెచ్చి మా పొయ్యిల ఏయించినవ్.”

“నేనెందుకు ఏయిస్త బేటా? మీ వినయ్ సారే అడిగిండు.”

వినయ్ అంటే ప్లాంటు మేనేజరు, ఆ కంపెనీ మనిషి. బెల్టు దగ్గర ఏరిన ఇనుమూ సీసాలూ కొనుక్కోవడానికి నయీముద్దీన్ టెంపో వారం వారం క్యాంపుకు పోయేది.

“ఇనుము ఎత్కపోనీకి వస్తాన్నవ్ గద చాచా, వచ్చేటప్పుడు ఖాళీ టెంపో ఎందుకు తెస్తవ్ అన్నడు. కాలేటిది ఏదైన తే అన్నడు. గేటు కాడ అడ్గరా సారూ అంటే, బయటికి పోయేదే చూస్తరు గాని లోపటికి వచ్చే చెత్తను ఎవడు చూస్తడు, ఎర్రగుడ్డ కట్టు అన్నడు. గుడ్డ గూడ ఆయననే ఇచ్చిండు.”

తబస్సుమ్‌కు ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. ఆ ప్లాంటు కట్టినవాళ్లు, జవాన్లు రోజూ పెళ్లి విందు తిని విస్తళ్లు పారేస్తారని అనుకున్నట్టున్నారు. క్యాంపు చెత్త మొత్తం ఊడ్చి తెచ్చినా పొయ్యి కడుపు సగం కూడా నిండేది కాదు. చెత్త చాలక పొయ్యి ఆరేది, ఆరిన పొయ్యిని మళ్లీ రాజెయ్యడానికి డీజిలు పోసేవాళ్లు. చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటును కొన్నాళ్లు డీజిలు పోసి నడిపారు. ఆ కరెంటు చూడ్డానికి పెద్దలు వచ్చి, చప్పట్లు కొట్టి, టీ తాగి వెళ్లారు. హఠాత్తుగా వేసవిలో పొయ్యి ఆరడం మానేసింది. ఎట్లా మానేసిందని తబస్సుమ్ ఒక్కరోజైనా అడిగిందా అంటే, లేదు. అప్పుడు ఆమెకు అడగబుద్ధి కాలేదు.

“సరే, మరి డబ్బలు?” అంది. “మేకు కొట్టకుంట ఒక్క డబ్బ గూడ ఈ గోదాము దాటనియ్యవ్ గద నువ్వు. స్కూలుకు పోకముందే నాకు నేర్పినవ్. గా సంచిల ఒక్క డబ్బకు గూడ చిల్లు లేదు.”

నయీముద్దీన్ చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

“గా సంచులు నేను విప్పలే బేటా. సూదులు గుచ్చుకుంటయని పనోళ్లను గూడ ముట్టనియ్యలే. వాళ్లెట్ల ఇచ్చిండ్రో గట్లనే మూతి బిగించి పైనకెళ్లి గుడ్డ కట్టిన.”

“అంటే నువ్వు గూడ విప్పలే.”

“విప్పలే.”

తబస్సుమ్‌కు నవ్వొచ్చింది. నవ్వు రావాల్సిన చోటు కాదని తెలిసినా ఆగలేదు. పారేసినవాళ్లు చూడలేదు, కట్టిన తండ్రి చూడలేదు, గేటులో తుపాకీ పట్టుకున్నవాడు చూడలేదు, ఎత్తి వేసినవాడికి చూసే హక్కే లేదు. ఇంతమంది చేతులు మారిన సంచి లోపల ఏముందో మొదట తెలిసింది శేఖర్ ఒంటికి.

“నవ్వకు” అన్నాడు నయీముద్దీన్.

“ఏం చెయ్యమంటవ్ మరి? ఎందుకు చేసినవ్ అబ్బా? మనకు తిననీకి లేదా, ఉండనీకి లేదా?”

“ఎందుకా?” అప్పటిదాకా నేల చూస్తున్న మనిషి తల ఎత్తాడు. “నువ్వు అన్నం ముందల కూసోని ఏడ్సినవ్. చెత్త సాల్త లేదు, ప్లాంటు బందైతది, నా నౌకరి పోతది, మళ్ల గీ గోదాముల కూసునుడే నా నసీబు అన్నవ్. మీ అమ్మీ గూడ ఏడ్సింది. ఎర్రగుడ్డ సంచి ఎవ్వరు విప్పరని నాకు చెప్పిందెవరు? నువ్వే. గదంత పెద్ద జోకు లెక్క చెప్పినవ్. వినయ్ సారు గుడ్డ కట్టు అన్నప్పుడు నాకు భయమెందుకు కాలే? నా బిడ్డ చెప్పిన మాటే గద అనుకున్న. ఇన్నేండ్లు నన్ను చెత్తోడు చెత్తోడు అన్నరు. నా బిడ్డ గదే చెత్తల ఇంజనీరై కుర్చిల కూసున్నది. గా కుర్చి పోవద్దనుకున్న. తప్పా?”

“తప్పే.”

ఆ మాట అతను ఊహించలేదు. తప్పే గాని అబ్బా అని ఏదో ఒకటి కలుపుతుందనుకున్నాడు. ఆమె ఏమీ కలపలేదు. తండ్రి మీద ఆమెకు అసహ్యం వేసింది. అన్నం ముందు కూచుని ఏడ్చిన తన మీద ఇంకా ఎక్కువ వేసింది.

“శేఖర్ మెడ మీద తోలు లేదబ్బా. నువ్వు చూడలే.”

“చూసిన.”

“ఎప్పుడు?”

“మొన్న పోయిన. కట్టమ్మ నా చెయ్యి వట్టుకుంది. నయీమన్నా, నీ బిడ్డ ఉన్నదని నాకు ధైర్యం, నిజం చెప్తది, నా కొడుకు మీది నింద పోతది అన్నది. నేను తలకాయ ఊపిన. ఊపి, అరటిపండ్లు ఇచ్చి వచ్చిన.”

సందులో ఎవరో ఆటో హారను కొడుతున్నారు. గోదాములో తండ్రీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉన్నారు. ఇద్దరిలో ఎవరు ముందు ఏడుస్తారా అన్నట్టుంది, ఎవరూ ఏడవలేదు.

“రేపు నీ పేరు చెప్త” అంది తబస్సుమ్.

“చెప్పు.”

“వినయ్ పేరు గూడ చెప్త.”

“చెప్పు. మీ అమ్మీకి మాత్రం ముందే చెప్పు, జర నిమ్మళంగ చెప్పు. నాతోని కాదు.”

అప్పుడు ఆమె ఫోను మోగింది. వినయ్. ఆమె స్పీకరు నొక్కింది, తండ్రి కూడా వినాలని.

“మేడమ్, గుడ్ న్యూస్. ఢిల్లీ నుంచి పెద్ద సారు వస్తుండు, ఈ సాయంత్రమే. పొయ్యి నడుస్తుంటే చూడాలట. కొత్త మూత బిగించినం, పర్మిషన్ కూడ వచ్చింది. ఇంక కాసేపట్ల ముట్టిస్తరు. నేను హనుమకొండ నుంచి బయల్దేరుతున్న.”

“విచారణ అయ్యేదాక ముట్టియ్యద్దని రాసిచ్చిండ్రు గద సార్?”

“రాసింది మళ్ల మార్చి రాస్తరు మేడమ్. మీరు రాకున్నా ఏం కాదు. రేపు ఒక్కటి గుర్తు పెట్టుకోండి, బీడీ. అంతే.”

“శేఖర్ లేడు. సంచులు ఎవరు వేస్తాన్నరు?”

“కట్టమ్మ. కొడుకు పని నేనే చేస్త అన్నది. పాపం, పని అవసరం గద.”

ఫోను ఆగింది. తబస్సుమ్‌కు బెల్టు కింది సంచి గుర్తొచ్చింది. తన చేత్తో మళ్లీ ఎర్రగుడ్డ కట్టి పెట్టిన సంచి. “ఒక సంచి ఉన్నదబ్బా ఆడ. ఒక్కటే, నేనే పెట్టొచ్చిన. చెప్పి తీసెయ్యమనాలె” అని మళ్లీ నంబరు నొక్కబోయింది.

నయీముద్దీన్ పీట మీద నుంచి లేచాడు.

“ఒక్కటి కాదు బేటా. పేలిన దానికి ముందు దినం టెంపో నిండ దింపిన. షెడ్డు వెనక రేకుల కింద ఉన్నయ్. అన్ని ఎర్రగుడ్డలే.”

ఆమె వినయ్‌కు ఫోను చేసింది. “సార్, షెడ్డు వెనక ఎర్రసంచులు ముట్టుకోవద్దని చెప్పున్రి. పొయ్యి ఆపమనున్రి. వాటిల్ల...”

“మేడమ్.” వినయ్ గొంతు మారిపోయింది. “ఎర్రసంచుల ముచ్చట ఫోన్ల మాట్లాడొద్దు. సెక్యూరిటీ మ్యాటర్ అది.”

పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. కట్టమ్మకు చేసింది. ఎంత మోగినా ఎత్తలేదు, ఎత్తదు కూడా. క్యాంపులోకి పోయే పనివాళ్ల ఫోన్లు గేటు దగ్గరే పెట్టెలో వేయించుకుంటారు. ఆ పెట్టెలో మోగుతున్నట్టుంది.

నయీముద్దీన్ గోదాముకు తాళం కూడా వేయలేదు. కూతురి స్కూటీ అతనే నడిపాడు. ఎప్పుడూ రోడ్డు అంచున మెల్లగా పోయే మనిషి లారీల మధ్యలోంచి తీశాడు. వెనక కూచున్న తబస్సుమ్ దారి పొడుగునా ఒకటే అనుకుంది. నిన్న సాయంత్రం ఆ సంచిని సెంట్రీ ముందు పడేసి ఉంటే, ఇవాళ కట్టమ్మ పొయ్యి దగ్గర ఉండేది కాదు. తండ్రిని కాపాడుకున్నాననుకుంది గాని, ఒక తల్లిని పొయ్యి ముందు నిలబెట్టి వచ్చింది.

గేటు దగ్గర ఉన్న సెంట్రీ కొత్తవాడు, ఉత్తరాది పిల్లవాడు. తబస్సుమ్ పేరు విని లిస్టు చూశాడు. విచారణ అయ్యేదాకా మీకు లోపలికి అనుమతి లేదు అన్నాడు హిందీలో, మర్యాదగానే.

“నేను లోపలికి రాను. ఆ ఫోన్ తీసి ప్లాంటుకు చెప్పండి చాలు, పొయ్యి ఆపమని.”

“ఎవరి ఆర్డరు?”

“ఆర్డరు కాదు. సంచుల్లో ఉండకూడనివి ఉన్నాయి.”

“ఏ సంచులు? మీకెట్లా తెలుసు?”

తబస్సుమ్ నోరు తెరిచింది. రేపు విచారణలో నిలబడి చెప్తానన్న పేరు, పక్కనే ఆ మనిషి చెమట కారుతూ నిలబడి ఉండగా నాలుక మీదికి రాలేదు. ఒక్క క్షణం. సెంట్రీ ఆమె మొహం చూసి అనుమానంగా కళ్లు చిట్లించాడు.

నయీముద్దీన్ కూతుర్ని పక్కకు జరిపి ముందుకు వచ్చాడు. ఉర్దూలో, తడబడకుండా చెప్పాడు. “ఎర్రగుడ్డ సంచులు లోపలికి పంపింది నేను బాబూ. వాటిల్లో పేలేవి ఉన్నాయి. తొందరగా ఆపించు.”

ఫోను మీదికి పోతున్న సెంట్రీ చెయ్యి సగంలో ఆగింది. అతను నయీముద్దీన్ గడ్డం చూశాడు, నెత్తి మీద టోపీ చూశాడు. ఆ తరువాత అతని చెయ్యి ఫోను మీదికి పోలేదు, తుపాకీ మీదికి పోయింది.

“హాథ్ ఊపర్.”

ఇసుక బస్తాల వెనక నుంచి ఇంకో ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. నయీముద్దీన్‌ను తారు రోడ్డు మీద బోర్లా పడేసి వీపు మీద మోకాలు పెట్టారు. గేటు కమ్మీ దిగింది. ఎక్కడో సైరను మొదలైంది. తబస్సుమ్ అరుస్తూనే ఉంది, అవి చెత్త సంచులు, దవాఖాన చెత్త, బాంబులు కావు, ముందు ఫోను చేయండి, లోపల మనిషి ఉంది అని. ఒక జవాను ఆమె రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. ఫోను కమ్మీకి అవతల బల్ల మీద అట్లాగే ఉంది. దాని జోలికి ఎవరూ పోలేదు.

చెట్ల పైన పొగగొట్టం కొస కనిపిస్తోంది. అప్పటిదాకా తెల్లగా సన్నగా వస్తున్న పొగ నల్లబడింది. అంటే సంచులు వేయడం మొదలైంది.

నయీముద్దీన్ చెంప తారుకు అదిమి ఉంది. మీద కూచున్నవాళ్లు నీ వెనక ఎవరున్నారని హిందీలో అడుగుతున్నారు. అతను వాళ్లకు జవాబు చెప్పడం లేదు. పొగ వైపు చూస్తూ, తెలుగులో, ఎదురుగా ఉన్న మనిషితో అన్నట్టు అంటున్నాడు.

“విప్పి చూడు కట్టమ్మా. జర విప్పి చూడు.”

గేటు నుంచి పొయ్యి దాకా కిలోమీటరు పైనే ఉంటుంది.